విమాన ప్రయాణమున గుర్తింపు పత్రము

మన పాఠశాలలో చదివి ఉత్తీర్ణురాలైన ఒక విద్యార్థిని హైదరాబాదులోని ఒక కళాశాలలో చేరుటకై బయలుదేరెను. మరునాటి ఉదయము తొమ్మిది గంటలకు ధ్రువపత్రముల పరిశీలన జరుగవలసియుండెను. రైలులో చోటు దొరకనందున హైదరాబాదులోనున్న ఆమె మేనమామ బెంగుళూరునుండి విమానపు టికెట్లు కొని పంపెను. ఆయన తమ ప్రాంతపు వాడుక ననుసరించి ఇంటిపేరుతో సహా మేనకోడలి పేరు వ్రాయించెను. ఆమె చేతనున్న ఆధారు కార్డులోనో, ఇంటిపేరు లేదు. తండ్రి పేరులోని తొలి అక్షరమును, తమిళపు ఉచ్చారణ ననుసరించి ఆంగ్లములో వ్రాయబడిన ఆమె పేరును మాత్రమే కలవు.

విమానాశ్రయ ద్వారముకడ నున్న రక్షకభటుడు టికెట్టును, కార్డును మార్చి మార్చి చూచి, "ఈ రెండు పేర్లును ఒక్కరివేనని నేనెట్లు నమ్ముదును?" అని అడిగెను. మర్యాదగనే అడిగెను. విమానసంస్థవారి కిటికీకడకు వెళ్ళి సరిచేయించుకొని రమ్మనెను. అచ్చట మాటలు జరుగుచుండగనే గడువు దాటిపోయెను. తండ్రియు కుమార్తెయు రాత్రి బస్సెక్కి, మరునాడు పదకొండు గంటలకు కళాశాల చేరిరి. అచ్చటి అధికారి దయతలచి సాయంకాలమున పత్రములను చూచినందున ఆమెకు సీటు దక్కినది. ఆయన దయ తలపకున్నచో ఒక సంవత్సరపు చదువు ఒక అక్షరమున కెదురుగా ఓడిపోయి యుండెడిది.

ఇందు ఎవరి తప్పును ఎంచుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. విమానమెక్కుట నేడు ధనవంతులకే పరిమితమైన సంగతి కాదు. చదువునకో, ఉద్యోగమునకో, వైద్యమునకో, బంధువుల యింటి శుభకార్యమునకో మనలో పలువురు ఎక్కుచున్నారు. కావున దేశములోని ప్రయాణమునకు ఎట్టి గుర్తింపు పత్రము కావలెనో, అది యెందులకో, మనవంటి వారికి అందు ఏల చిక్కులు కలుగునో తెలిసికొనుట మేలు.

మన దేశమున విమానములు మొదట మనుష్యులకొరకు గాక ఉత్తరములకొరకు ఎగిరినవి. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా సంచులతో చిన్న విమానమును నడపెను. బొంబాయినుండి ఆ తపాలాను నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చెను. తెలుగువారును కన్నడిగులును కలసి మెలసి నివసించు మన బళ్ళారి ఆ తొలి విమానమార్గమున ఒక మజిలీ యగుట బళ్ళారి బాలురు గర్వముతో చెప్పుకొనదగిన విషయము. తరువాత ప్రయాణికుల విమానములు పెరిగినవి. 1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనును స్థాపించెను.

ప్రయాణికులు పెరిగినకొలది అపాయములును వచ్చినవి. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరునుండి జమ్మూకు పోవుచుండిన 'గంగ' అను విమానమును ఇద్దరు దుండగులు బలవంతముగా లాహోరునకు మరల్చిరి. 1976 సెప్టెంబరు 10వ తేదీన ఢిల్లీనుండి బయలుదేరిన మరియొక విమానమునకును అదే గతి పట్టినది. ఆ సంఘటన తరువాత నియమింపబడిన పాండే సంఘము చేసిన సిఫారసుననుసరించి 1978 జనవరిలో విమానరక్షణకై ప్రత్యేకముగా ఒక శాఖ యేర్పడినది. అదియే బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ.

1985 జూన్ 23వ తేదీన జరిగిన కనిష్క విమాన విధ్వంసము ప్రపంచమునే కలచివైచినది. కెనడాలోని వాంకూవరు నగరమున ఒక ప్రయాణికుని పేర ఒక పెట్టె అప్పగింపబడెను. ఆ పెట్టె ఒక విమానమునుండి మరియొక విమానమునకు మారి ఎయిర్ ఇండియావారి కనిష్కలోనికి చేరెను. కాని ఆ పేరుగల మనుష్యుడు మాత్రము విమానమెక్కలేదు. ఐర్లండు తీరమునకు సమీపమున సముద్రముపై ఆ పెట్టెలోని బాంబు ప్రేలి 329 మంది ప్రాణములు పోయినవి. టికెట్టుపై నున్న పేరును, ఎక్కిన మనుష్యుడును, అతని పెట్టెయు, ఈ మూడును ఒకటిగా సరిపోవలెనను నియమము ఎంత ముఖ్యమో ఆనాడు లోకమునకు తెలిసినది. 1987 ఏప్రిల్ 1వ తేదీనుండి పైని చెప్పిన బ్యూరో స్వతంత్ర శాఖ యైనది. 1999 డిసెంబరులో కాఠ్మాండునుండి ఢిల్లీకి రావలసిన విమానమును కాందహారునకు మరల్చిన పిమ్మట, విమానాశ్రయముల కాపలాను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగింప నారంభించిరి. 2000 ఫిబ్రవరిలో జయపురమున ఆ పని మొదలైనది. నేడు ద్వారముకడ మన కార్డును చూచువారు సాధారణముగా ఈ దళమువారే.

కనుక ద్వారముకడ భటుడు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈ టికెట్టుపై పేరుగల వ్యక్తి నీవేనా?" ఆయన మన కులమును గాని, మన మాతృభాషను గాని, మనము ఏ రాష్ట్రపువారమను సంగతిని గాని అడుగుట లేదు. టికెట్టుపైని పేరు, కార్డుపైని పేరు, కార్డుపైని ముఖము, ఎదుటనున్న ముఖము, ఈ నాలుగింటిని పోల్చుటయే ఆయన పని. ఒకరి టికెట్టుపై మరియొకరు పోకుండుటకును, ప్రమాదము జరిగినప్పుడు లోపలనున్న వారెవరో నిశ్చయముగా తెలియుటకును ఇదియే ఆధారము.

ఇక ఏ పత్రములు చెల్లును? 2017 అక్టోబరులో ఆ బ్యూరో ఒక పట్టికను ప్రకటించినది. అందు పది విధముల పత్రములు కలవు. అవి యివి: పాస్‌పోర్టు, ఓటరు గుర్తింపు కార్డు, ఆధారు కార్డు, లేక చరవాణిలోని ఎం-ఆధారు, పాన్ కార్డు, వాహనము నడపు లైసెన్సు, ఉద్యోగికి ప్రభుత్వమో, ప్రభుత్వరంగ సంస్థయో, స్థానిక సంస్థయో, పబ్లిక్ లిమిటెడ్ కంపెనీయో ఇచ్చిన ఛాయాచిత్రముగల కార్డు, ప్రభుత్వ విద్యాసంస్థ విద్యార్థి కిచ్చిన ఛాయాచిత్రముగల కార్డు, ధ్రువీకరింపబడిన ఛాయాచిత్రము అంటించిన జాతీయ బ్యాంకు పాసు పుస్తకము, ఛాయాచిత్రముగల పింఛను పత్రము, వికలాంగులకు రాష్ట్రప్రభుత్వమిచ్చు ఛాయాచిత్రముగల కార్డు లేక వైద్య ధ్రువపత్రము. ఈ పదింటిలో ఏదైన ఒకటి యున్న చాలును. ఇవి యేవియు లేనివారు కేంద్రప్రభుత్వమునందో రాష్ట్రప్రభుత్వమునందో 'ఎ' వర్గపు గెజిటెడ్ అధికారి తన కార్యాలయపు కాగితముపై వ్రాసి, ఛాయాచిత్రమును ధ్రువీకరించి ఇచ్చిన పత్రమును చూపవచ్చును.

ఇందు మూడు విషయములు గమనింపవలెను. మొదటిది, పత్రము అసలుదై యుండవలెను. నకలు కాగితము చెల్లదు. కార్డును చరవాణిలో ఫోటో తీసికొని చూపుటయు నకలు చూపుటతో సమానమే. ప్రభుత్వపు డిజిలాకరులో నుండి తెరచి చూపిన పత్రము మాత్రము అసలుతో సమానముగా ఎంచబడును. రెండవది, ఆ పట్టికలో రేషను కార్డు లేదు. ఇంటిలో అన్ని పనులకు అదియే ఆధారముగా నున్నను, విమానాశ్రయమున దానిని నమ్ముకొని పోరాదు. మూడవది, రైలు పద్ధతి వేరు, విమానపు పద్ధతి వేరు. రైలులో ఒక టికెట్టుపై ఆరుగురు పోవుచున్నను వారిలో ఒక్కరు గుర్తింపు చూపిన చాలును. విమానమున పెద్దవారు ప్రతియొక్కరును ఎవరి పత్రము వారు చూపవలెను. అవ్వకు కార్డెందులకని ఇంటిలో విడిచిపోయిన కుటుంబములు ద్వారముకడ తల పట్టుకొనుట కలదు.

పిల్లల సంగతి. తల్లిదండ్రులతో గాని, సంరక్షకులతో గాని పోవు పిల్లలకు వేరే గుర్తింపు పత్రము అక్కరలేదు. పెద్దవారి పత్రము చెల్లినదైన చాలును. కాని ఒంటరిగా పోవు బాలునకు గాని బాలికకు గాని తన పత్రము తనకుండవలెను. రెండేండ్లు నిండని శిశువునకు తగ్గింపు రుసుముతో టికెట్టు కొన్నచో, వయస్సును నిరూపించుటకు జన్మధ్రువపత్రమును విమానసంస్థవారు అడుగుదురు. చిన్న పిల్లలను ఒంటరిగా పంపుటకు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క నియమము కలదు గనుక ముందుగా అడిగి తెలిసికొనవలెను.

ఇంతవరకు చెప్పినది అందరికిని వర్తించునది. ఇక ప్రత్యేకముగా మనకు వర్తించు సంగతి. రాష్ట్రము దాటిన తెలుగువారికి పేరు ఒక్కటియే యైనను దాని వ్రాత పలువిధములుగా మారును. ఒక ఉదాహరణము కల్పించి చూతము. ఒక బాలిక పేరు వేంకటలక్ష్మి, ఇంటిపేరు చింతల, తండ్రి పేరు సుబ్బరాయుడు అనుకొందము.

ఆంధ్రదేశమునందును తెలంగాణమునందును ఆమె 'చింతల వేంకటలక్ష్మి'. పొట్టిగా వ్రాసినపుడు 'సి.హెచ్. వేంకటలక్ష్మి'. ఈ 'సి.హెచ్.' అనునది ఒక్క 'చి' అక్షరమునకే గుర్తని మనకు తెలియును. ఇతర రాష్ట్రములవారు దానిని రెండు వేరు వేరు పేర్లకు గుర్తులనుకొందురు. తమిళనాడునందు ఇంటిపేరు వాడుకలో లేదు. అచ్చట ఆమె 'ఎస్. వేంకటలట్చుమి', ఏలయన తమిళ లిపిలో లక్ష్మి శబ్దమును లట్చుమి యని వ్రాయు వాడుక కలదు, ఆంగ్లములోనికి అదియే దిగును. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుస గనుక షోలాపురములో ఆమె 'వ్యంకటలక్ష్మి సుబ్బరాయుడు చింతల'. కర్ణాటకమున ఊరి పేరు, తండ్రి పేరు రెండింటి తొలి అక్షరములును ముందు చేరుట కలదు. ఒడిశాలో వకారము బకారముగనో భకారముగనో మారుటచే 'వేంకట' కాస్త 'భెంకట' యగును. యానామునందు ఫ్రెంచివారి కాలపు పాత పత్రములలో మన 'ఉ'కారమును రెండు ఆంగ్లాక్షరములతో వ్రాసిన వాడుక కనబడును. ఒక్క బాలిక, ఇన్ని వ్రాతలు! బంధువులకు ఇందు సందేహమేమియు లేదు. భటునకు మాత్రము వేరు వేరు మనుష్యులుగ తోచుదురు.

ఇది యింతటితో ఆగదు. పాన్ కార్డునకు దరఖాస్తు చేయునపుడు పొడి అక్షరములు చెల్లవు. పేరును పూర్తిగా విప్పి వ్రాయవలెను. అప్పుడు తమిళనాటి 'ఎస్.' అను అక్షరము 'సుబ్బరాయుడు'గా విప్పబడి, తండ్రి పేరే కుమార్తెకు ఇంటిపేరైనట్లు నిలుచును. తరతరములుగా వచ్చిన 'చింతల' యను నామము ఏ కాగితమునందును మిగులదు. వివాహమైన స్త్రీల సంగతి మరియు చిక్కు: కార్డులో తండ్రి అక్షరము, టికెట్టులో భర్త అక్షరము. మరల టికెట్టు కొనునపుడు 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గడులు చూపుదురు. మన పేరులో ఏది మొదటిది, ఏది చివరిది? ఆ గడులు మన వాడుక నెరిగి గీసినవి కావు.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. టికెట్టు కొనునపుడు మన యింటి వాడుకను మరచి, ప్రయాణదినమున చూపబోవు కార్డును ఎదుట పెట్టుకొని, దానిపై ఆంగ్లములో ఏమి యున్నదో దానినే అక్షరము పొల్లుపోకుండ వ్రాయవలెను. కార్డులో పొడి అక్షరమే యున్నచో అదియే. ఇంటిపేరు లేకున్నచో చేర్చరాదు. పేరు ఒక్క ముక్కయే యై రెండవ గడి ఖాళీగా మిగిలినచో, కొన్ని సంస్థలు అదే పేరును రెండుమార్లు వ్రాయుమందురు. కొనునప్పుడే అడిగి చేయవలెను. వేరొకరు మనకొరకు టికెట్టు కొనుచున్నచో కార్డుపై పేరును ఆంగ్లాక్షరములలో విడివిడిగా వ్రాసి పంపవలెను. మేనమామకు మన ముద్దుపేరు తెలిసియుండుటయే అసలు ప్రమాదము! టికెట్టు చేతికి రాగానే చదువవలెను. తప్పున్నచో ఆనాడే విమానసంస్థవారికి తెలుపవలెను. అక్షరదోషములను వారు సరిచేయుదురు. ఒకరి టికెట్టును మరియొకరి పేరునకు మార్చుట మాత్రము జరుగదు.

ప్రయాణ దినమున జరుగు క్రమము ఇట్లుండును. ద్వారముకడ భటునకు టికెట్టును, కార్డును చూపవలెను. లోనికి పోయి విమానసంస్థవారి కిటికీకడ పెట్టెల నప్పగించి, ఆసనసంఖ్యగల చీటిని పుచ్చుకొనవలెను. పిదప మనుష్యులను, చేతిసంచులను పరీక్షించు చోటు వచ్చును. చివరకు విమానమునకు పోవు తలుపు. కార్డును పెద్దపెట్టెలో పెట్టి అప్పగించినచో తరువాత ఎవరైన అడిగినపుడు చూపుటకు ఉండదు. కావున విమానము దిగువరకు అది చేతనే యుండవలెను. కిటికీని విమానము కదలుటకు చాలముందే మూసివైతురు గనుక, టికెట్టుపై వ్రాసిన గడువునకు ముందే చేరవలెను. తీరికగా చేరినవారికి పేరులోని తప్పును దిద్దించుకొనుటకు వ్యవధి యుండును. ఆ వ్యవధి లేకనే మన విద్యార్థిని నష్టపడినది.

కొన్నియేండ్లుగా డిజియాత్ర యను క్రొత్త పద్ధతియు వచ్చినది. 2022 డిసెంబరు 1వ తేదీన ఢిల్లీ, బెంగుళూరు, వారణాసి విమానాశ్రయములలో ఇది మొదలైనది. 2023లో విజయవాడ, హైదరాబాదు మొదలగు చోట్లకు వ్యాపించినది. ప్రయాణికుడు తన ఆధారు వివరములను, ముఖచిత్రమును ముందుగా చరవాణిలో నమోదు చేసికొనును. ద్వారముకడ యంత్రము ముఖమును చూచి గుర్తించి తలుపు తెరచును. ఇది ఇష్టమున్నవారికి మాత్రమే, బలవంతము లేదు. ముఖము చూపుట కిష్టములేనివారు కార్డు చూపి మామూలు ద్వారమున పోవచ్చును. దీనిని వాడువారును కార్డును వెంట నుంచుకొనుటయే మంచిది. చరవాణిలో విద్యుత్తు అయిపోవుట ఎంతసేపు?

తల్లిదండ్రులకు ఒక మనవి. విమానాశ్రయమున బయటపడు తప్పు అచ్చట పుట్టినది కాదు. అది పిల్లవాని జన్మధ్రువపత్రములోనో, ఒకటవ తరగతిలో చేర్చిననాటి పట్టికలోనో పుట్టినది. 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణచట్టము ప్రకారము, ఆ నాటినుండి పుట్టినవారికి జన్మధ్రువపత్రమే బడిలో చేరుట మొదలు పాస్‌పోర్టు వరకు అన్నిటికి మూలపత్రము. కనుక అందు పేరు వ్రాయించునపుడే ఇంటిపేరుతో సహా, ఆంగ్లాక్షరములు ఏవో నిశ్చయించి వ్రాయింపవలెను. ఆధారులో పేరును జీవితకాలమున రెండుమార్లు మాత్రమే మార్చుకొననిత్తురు. ఆ రెండు అవకాశములను తొందరపాటుతో ఖర్చుచేయరాదు. అయిదవ యేటను, పదునైదవ యేటను పిల్లల వ్రేలిముద్రలను నమోదు చేయించుటకు పోవలసియే యుండును. అప్పుడే కార్డుపైని పేరును గూడ సరిచూచుకొనుట తెలివి. పదవతరగతి పరీక్షకు పేర్లు పంపకముందే బడి పట్టికలో దిద్దించుట సులభము. పరీక్ష ముగిసి పత్రము అచ్చైన తరువాత అదే పని నెలలు పట్టును.

మన పేరు ఇతరులకు పలుక కష్టమని దానిని కురుచ చేసికొనవలసిన పని లేదు. తాతలు ఏ ఊరినుండి వచ్చిరో మనము మరచినను ఇంటిపేరు మరువదు. దానిని కాగితముపై నిలుపుకొనుట మన చేతిలోని పని. కాని నిలుపుకొన్నది అన్ని కాగితములందును ఒక్క తీరున నుండవలెను. ఒకచోట నిండుగను, వేరొకచోట పొడిగను, ఇంకొకచోట లేకయు నున్న పేరు మనకు తోడురాదు.

విద్యార్థులారా! ఈ రాత్రి ఇంటిలో ఒక పని చేయుడు. మీ జన్మధ్రువపత్రము, ఆధారు కార్డు, బడి గుర్తింపు కార్డు, ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి, వానిపై ఆంగ్లములో నున్న మీ పేరును ఒక కాగితముపై ఒకదాని క్రింద నొకటిగా వ్రాయుడు. ఆ క్రింద తెలుగులో ఇంటిపేరుతో మీ పూర్తి పేరు వ్రాయుడు. మూడు పంక్తులును సమానముగా నున్నచో సంతోషము. లేనిచో ఆ కాగితమును మీ తండ్రిగారికో తల్లిగారికో చూపి, మరునాడు తరగతి ఉపాధ్యాయునకు తెచ్చి యిండు. దిద్దుటకు ఇప్పుడు ఒక దరఖాస్తు చాలును.